మకాం ఎత్తే మాట

ఆ సాయంత్రం కూడా వరసలో ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

పని నుంచి వస్తూ మురుగుకాలవ మీది చెక్క దాటగానే అతను మొదట చూసేది అదే. ఒకదాని గోడకి ఇంకొకటి ఆనుకుని నిలబడ్డ చిన్న ఇళ్ల వరస. వెనక టైర్ల ఫ్యాక్టరీ ప్రహరీ, ముందు కాలవ, కాలవకి అవతల ఎవరికీ పట్టని ఖాళీ స్థలం. ఒక గుమ్మంలోంచి కుక్కర్ ఈల వినిపించింది. ఇంకో గుమ్మంలో ఎవరో పిల్లని మందలిస్తున్నారు. గిన్నెలు లోపలే ఉన్నాయి, చాపలు లోపలే ఉన్నాయి. ఎవరి గ్యాస్ సిలిండరూ గుమ్మం బయటికి రాలేదు.

అతను తన ఇంటి తలుపు తియ్యలేదు. అరుగు మీద చుట్టిపెట్టుకున్న బొంత విప్పి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ గోడకి అవతలి గదిలో అతని భార్య పోయి నెల దాటింది. దగ్గుగా మొదలైంది జ్వరంగా మారి, ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక ఎన్నాళ్లో ఉండలేదు. అప్పటి నుంచి అతను ఆ గదిలో పొయ్యి వెలిగించలేదు, నడుం వాల్చలేదు. వెలిగించకూడదు కూడా. ఇంటి మనిషి పోయిన చోట ఆ ఇంటివాళ్లు మళ్లీ వంట చేసుకోరు.

వాళ్లు అడవి మనుషులు. దున్నడం, నాటడం వాళ్ల తాతలకు తెలియదు. దుంపలు తవ్వుకునేవారు, తేనె తీసుకునేవారు, దొరికిన జంతువును అందరూ పంచుకుని తినేవారు. ఒక చోట కాయలైపోతే ఇంకో చోటికి నడిచేవారు. మోయగలిగిందే ఆస్తి. మకాంలో ఎవరైనా పోతే ఆ గుడిసె గుంజలు పీకి, కప్పును మనిషి మీదే కూల్చి, అందరూ లేచి నడిచిపోయేవారు. పోయినవాళ్ల పేరు మళ్లీ నోట పలికేవారు కాదు. 'ముందు నడిచినవాళ్లు' అని మాత్రం అనేవారు, అంతే. అడవిని మూసేసినప్పుడు ప్రభుత్వం వాళ్లను లారీల్లో తెచ్చి ఈ వరసలో దింపింది. ఈ ఇళ్లకి గోడలున్నాయి, పైన రేకులున్నాయి. పీకడానికి గుంజలు లేవు.

వరసలోకి వచ్చాక మొట్టమొదట పోయింది పెద్దత్త మొగుడు. పెద్దత్త అంటే అతని భార్యకు పెద్దమ్మ. ఆ రోజు ఆవిడ నోరు విప్పకుండా పొయ్యి ఆర్పి, కుండ నెత్తిన పెట్టుకుని గుమ్మం దిగిందట. ఎక్కడికి పోవాలో ఆవిడకీ తెలియదు. ఒక వైపు గోడ, ఒక వైపు కాలవ. నాలుగడుగులు వేసి పక్కింటి ముందు ఆగిపోయింది. పక్కింటివాళ్లు ఆవిడ మొహం చూశారు. తమ పొయ్యి ఆర్పి, తమ కుండ ఎత్తుకుని ఆ పక్కింటికి నడిచారు. అలా చివరిదాకా. చివరి ఇంటివాళ్లు అందరి గుమ్మాల ముందు నుంచీ నడుచుకుంటూ వచ్చి మొదటి ఇంట్లో దూరారు. చీకటి పడేలోపు వరస మొత్తం ఒక ఇల్లు జరిగింది.

ఆ తర్వాత ఎవరు పోయినా అంతే. కరెంటు మీటర్లు చూసుకునేవాడు వచ్చి "మీ ఇల్లు ఏది?" అంటే "ఎప్పటి సంగతి అడుగుతున్నారు సార్?" అనేవారు. ఇళ్ల ఆఫీసు నుంచి వచ్చే ఆయన మొదట్లో కేకలేశాడు, తర్వాత బతిమాలాడు, చివరికి తలుపుల మీద రాయించిన నంబర్ల వంక చూడటమే మానేశాడు.

ఇందులో గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే. కదలమని ఎవరూ ఎవరికీ చెప్పరు. అడవిలో వాళ్లకు పెద్ద అంటూ ఎవరూ లేరు. నడవాలనిపించినవాళ్లు లేస్తారు, కూడా రావాలనిపించినవాళ్లు వస్తారు. రమ్మని అన్నవాడు యజమాని అవుతాడు, ఆ మాట విని వచ్చినవాడు పనివాడవుతాడు. రెండూ సిగ్గే. ఇంకొకటి కూడా ఉంది. ఒక్కరే కదిలితే వెళ్లగొట్టినట్టు. అందరూ కదిలితేనే మకాం ఎత్తినట్టు.

అతను పుట్టింది ఈ వరసలో కాదు. వేరే మకాంవాళ్ల పిల్లాడు. పెళ్లయ్యాక మగవాడు పెళ్లాం వాళ్ల దగ్గరే ఉండిపోవడం వాళ్లలో మామూలు కాబట్టి ఉండిపోయాడు. పిల్లలు కలగలేదు. ఆమె పోయాక ఈ వరసకీ అతనికీ మధ్య ఉన్న చుట్టరికం ఎంత అన్నది ఎవరూ పైకి అనలేదు. అనరు. వరస కదిలితే ఆమె కోసం కదిలినట్టు, అతను ఇంకా వాళ్ల మనిషే అయినట్టు. కదలకపోతే అతను ఒక్కడే లేచి పోవాలి.

కానీ కిందటిసారి మకాం ఎత్తి చాలా ఏళ్లయింది. ఈలోగా ఇళ్లు నిండిపోయాయి. పక్కింట్లో ఉండేది ఆమె సొంత తమ్ముడు. టైర్ల ఫ్యాక్టరీలో పని. వాడు గది అంతా పాలరంగు టైల్సు వేయించాడు, వెనక బాత్రూం కట్టించాడు, మనిషంత ఎత్తు ఫ్రిజ్ కొన్నాడు. దాని అవతలివాడు గుమ్మానికి షట్టరు పెట్టించి చిన్న కొట్టు తెరిచాడు. ఇంకొకరు మంచాన్ని గోడలో కలిపి సిమెంటుతో కట్టేశారు. అన్నిటికీ మించి, ప్రతిసారీ మొదటి కుండ ఎత్తే పెద్దత్తకి మోకాళ్లు పోయాయి. ఆవిడ మంచం దిగడం లేదు. వరసంతా ఆవిడ గుమ్మం వంక చూస్తుంది. ఆవిడ లేవదు. ఎవరి అన్నం వాళ్లు వండుకుంటారు.

"అన్నయ్యా, తిను."

బావమరిది పెళ్లాం పళ్లెం తెచ్చి అరుగు మీద పెట్టింది. "ఉప్పు ఎక్కువైందని మీ బావమరిది ఇందాకటి నుంచి సణుగుతున్నాడు. నీకూ ఎక్కువైతే నువ్వూ సణుగు. కాస్త నీ గొంతు విన్నట్టుంటుంది."

"సరిపోయిందమ్మా."

"ముద్ద కలపకుండానే సరిపోయిందా?"

అతను ముద్ద కలిపాడు. పిల్ల పిలిస్తే ఆమె లోపలికి వెళ్లిపోయింది. అతను తిన్నంత తిని చెయ్యి కడుక్కున్నాడు. తల గోడకి ఆనిస్తే, ఖాళీగా ఉన్న తన గది దాటి, అవతలి ఫ్రిజ్ మోత సన్నగా వినిపిస్తోంది.

*

ఇళ్లు మార్చే కంపెనీలో అతన్ని దూదిచెయ్యి అంటారు. గాజు సామాను పెట్టె అయినా, నిలువుటద్దమైనా అతని చేతిలో పడితే చప్పుడు లేకుండా మెట్లు దిగిపోతుంది. ఇరుకు మలుపుల్లో ఏ కోణం ముందు తిప్పాలో అతనికి చెప్పనక్కర్లేదు. కొన్నాళ్లుగా మాత్రం కిందికి దింపాక లారీకి ఆనుకుని నిలబడిపోతున్నాడు. డ్రైవర్ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు.

ఆ రోజు వెళ్లిన ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. తలుపు తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. గదుల్లో అట్టపెట్టెలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. పడకగదిలో మాత్రం ఏమీ కట్టలేదు. మంచం మీద దుప్పటి పరిచే ఉంది. మంచం పక్క బల్ల మీద కళ్లజోడు, మందుల డబ్బా, సగం నీళ్లున్న గ్లాసు.

"ఈ గది నేను సర్దలేదు బాబూ. మీరే సర్దెయ్యండి" అందావిడ. "ఆయన పోయాక ఇందులోకి రావడం లేదు. హాల్లో సోఫాలో పడుకుంటున్నాను."

అతను గ్లాసు తీసి నీళ్లు సింకులో పోసి వచ్చాడు. కళ్లజోడును మెత్తటి గుడ్డలో చుట్టాడు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

"ఎక్కడికి వెళుతున్నారమ్మా?"

"మా చెల్లెలింటికి. ఉండలేకపోతున్నానే, నీ దగ్గరికి రానా అని అడిగాను. రమ్మంది."

"అడిగారా?"

ఆ ప్రశ్న ఆవిడకి అర్థం కాలేదు. "అడక్కపోతే దానికెలా తెలుస్తుంది? దాని గోల దానిది. ఇద్దరు మనవలు, కీళ్లనొప్పులు. నా సోఫా గురించి అది కూర్చుని ఆలోచిస్తుందా?"

ఆవిడ ఆ మాట చాలా తేలిగ్గా అంది. మంచినీళ్లు కావాలంటే అడుగుతాం, అలా. అతను బీరువా తలుపులకు తాడు కట్టాడు. తోటి మనిషితో కలిసి దాన్ని నాలుగంతస్తులూ దింపాడు. ప్రతి మలుపులోనూ ఆగినప్పుడు ఆవిడ మాట కూడా ఆగి, మళ్లీ కదిలినప్పుడు కదిలింది.

మధ్యాహ్నం లారీ నీడలో కూర్చుని డ్రైవర్‌తో అన్నాడు. "అన్నా, సొంతవాళ్లను ఒక సాయం కావాలని అడగాలంటే ఎలా అడుగుతారు?"

"నోటితో" అన్నాడు డ్రైవర్. తర్వాత అతని మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సొంతవాళ్లేగా తమ్ముడూ. అడిగితే పోయేదేముంది? ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదంటారు."

అతను తలూపాడు. భుజాలు నొప్పిగా ఉన్నాయి. రోజూ చెక్క దాటి అన్ని గుమ్మాలూ చూడటం, రోజూ బొంత విప్పడం, మళ్లీ చుట్టడం గుర్తొచ్చింది. మోసే పని కన్నా అదే ఎక్కువ బరువుగా ఉంది.

*

సాయంత్రం బావమరిది గుమ్మం ముందు సైకిల్ తిరగేసి గొలుసుకి నూనె వేస్తున్నాడు.

"రా బావా. ఏంటి, ఇవాళ పియానో ఏమైనా మోయించారా, మొహం అలా ఉంది?"

"బీరువా."

"బీరువాకి ఇంత మొహం ఎందుకు? ఇది పియానో మొహమే." పీట ముందుకు తోశాడు. "కూర్చో."

అతను కూర్చోలేదు. తెరిచిన తలుపులోంచి పాలరంగు నేల కనిపిస్తోంది. పిల్ల దాని మీద బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటోంది. బావమరిది పెళ్లాం కూరగాయలు తరుగుతోంది. మాట దానంతటదే బయటికి వచ్చింది.

"మీరు కదలండిరా. నాకు ఆ గది వద్దు. మీరు పక్కింటికి జరిగితే నేను ఇందులోకి వస్తాను."

గొలుసు తిప్పుతున్న చెయ్యి ఆగింది. లోపల కత్తిపీట చప్పుడు ఆగింది. వరసలో ఎవరో టీవీ గొంతు తగ్గించారు. పక్కన కొట్టు దగ్గర బేరమాడుతున్నవాళ్లు కూడా మాట్లాడటం మానేశారు. వరసకి అంతకు మించి చెవులక్కర్లేదు.

"అదేం మాట బావా?" అన్నాడు బావమరిది. గొంతు పెంచలేదు.

"అడిగాను. అంతే."

"వినిపించింది. అందరికీ వినిపించింది."

"నెల దాటిందిరా."

"నాకు తెలీదా? పోయింది మా అక్క." వాడు చేతికంటిన నూనెను గుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. "నేనెప్పుడైనా కదలనన్నానా?"

"కదులుతానని కూడా అనలేదుగా."

"అంటారా ఎవరైనా?"

నిజమే. అనరు. అతను పుట్టిన మకాంలోనూ అనరు.

"ఇప్పుడు నేను సామాను ఎత్తాననుకో" అన్నాడు బావమరిది. "నువ్వు చెప్పావని ఎత్తినట్టు. అక్క కోసం ఎత్తినట్టు కాదు. రేపు కొట్టు మామ ఎత్తినా అంతే, అవతలివాళ్లు ఎత్తినా అంతే. ఒక్క మాటతో అందర్నీ నీ కంపెనీలో కూలీలను చేశావు బావా. ఇక ఆమె కోసం ఎవరు కదులుతారు?"

వాడు లేచి సైకిల్‌ను మామూలుగా నిలబెట్టి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. కోపంగా వేయలేదు. అందుకే అతనికి ఎక్కువ భయం వేసింది.

*

మర్నాడూ, ఆ మర్నాడూ పళ్లెం వచ్చింది. కానీ బావమరిది పెళ్లాం ఉప్పు సంగతి ఎత్తలేదు. పళ్లెం పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయింది. ఎదురొచ్చినవాళ్లు పలకరిస్తున్నారు, నిలబడటం లేదు. అతన్ని చూసి వాళ్లే సిగ్గుపడుతున్నారని అతనికి అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దత్త కబురు పెట్టింది. ఆవిడ గది చిన్నది, మందు వాసన. మంచం కిటికీ దగ్గరికి జరిపి ఉంది. పడుకున్న చోటి నుంచే వరసంతా చూడటానికి.

"నోరు జారావటగా అల్లుడూ."

"అలిసిపోయాను అత్తా."

"అలిసిపోతే కూర్చుంటారు. అడగరు."

"కూర్చునే ఉన్నానుగా ఇన్నాళ్లూ."

ఆవిడ దగ్గినట్టు నవ్వింది. "అదీ నిజమే." ఎముకలు తేలిన చేతులతో దుప్పటి అంచు మడుస్తూ కూర్చుంది. "ఈ మోకాళ్లు ఇలా తగలడకపోతే నీకీ మాట అనే అవసరం వచ్చేది కాదు. రోజూ పొద్దున్నే అనుకుంటాను, ఇవాళ లేస్తానని. ఈ గుమ్మందాకా పోతే చాలు, మిగతావాళ్లు చూసుకుంటారు. కాలు కింద పెడతాను. అది నాది కానట్టు ఉంటుంది."

"నిన్నెవరూ అనడం లేదు అత్తా."

"అనరు. అదేగా మన రోగం."

కిటికీ అవతల ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. అతను అడిగాడు. "అడవిలో బాగుండేదా?"

"ఎవరన్నారు?" ఆవిడ మొహం చిట్లించింది. "ఈ కుర్రాళ్లు అనుకుంటారు, తేనె తాగుతూ పాటలు పాడుకునేవాళ్లమని. ఎప్పుడు చూడు నడకే. చంకన ఒకటి, వీపున మూట. చంకలోది నడక నేర్చేదాకా ఇంకోటి కడుపున పడకూడదని మొక్కుకునేదాన్ని, ఇద్దర్ని మోయలేను గనక. ఆకలి పెద్దగా తెలిసేది కాదు. అలుపు మాత్రం ఉండేది. కానీ మనిషి పోయినప్పుడు ఆ నడకే మంచిది అల్లుడూ. వీపు మీద బరువుండి, ఎండ ఉండి, ముందు నడిచేవాళ్ల మడమలు చూస్తూ నడుస్తుంటే ఏడవడానికి ఊపిరి చాలదు. సాయంత్రం గుంజలు పాతాలి, నీళ్లు వెతకాలి. నాలుగు మకాంలు మారేసరికి, ఆ పోయినవాళ్లు ఎక్కడో వెనక, మంచి చోటే ఉండిపోయారనిపించేది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇక్కడ నిన్ను ఆ గోడకే కట్టేశారు. నీ తప్పు కాదు. కానీ అన్న మాట అన్నదే. దాన్ని నేను తీయలేను."

"మరి ఎవరు తీస్తారు?"

"నన్నూ అడుగుతున్నావా?" అంది పెద్దత్త. ఆ మాట కటువుగా అనలేదు. అతని చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉంచుకుంది.

బయటికి వచ్చేసరికి అతను తేల్చుకున్నాడు. కంపెనీ గోడౌన్‌లో వెనక ఒక గది ఉంది. దుప్పట్లు, తాళ్లు పెట్టే గది. అందులో పడుకుంటానంటే యజమాని కాదనడు. ఆదివారం సాయంత్రం లారీ వరస వైపు వస్తుంది. తీసుకుపొమ్మని డ్రైవర్‌కి చెప్పాడు. డ్రైవర్ "ఏమైంది తమ్ముడూ, లేదన్నారా?" అని అడిగాడు. "లేదని కూడా అనలేదు" అన్నాడు అతను.

*

ఆదివారం ఎండ దిగుతుండగా అతను బొంత చుట్టి తాడు కట్టాడు. లోపలి నుంచి ఏమీ తీసుకోలేదు. తీసుకోవాలంటే తలుపు తియ్యాలి. మూట పక్కన పెట్టుకుని లారీ కోసం చూస్తూ కూర్చున్నాడు. గుమ్మాల్లో ఉన్నవాళ్లందరికీ ఆ మూట కనిపిస్తోంది. ఎవరూ వచ్చి ఎక్కడికని అడగలేదు. వాళ్లూ అడగరు కదా.

ఒక్కడే వెళ్లిపోతున్నాడు. ఎవరూ వెళ్లగొట్టలేదు. కానీ చూసేవాళ్లకి రెండూ ఒకలాగే ఉంటాయి.

బావమరిది తలుపు తెరుచుకుంది. వాడి భుజం మీద గ్యాస్ సిలిండర్ ఉంది. పైపు విప్పేశాడు. గుమ్మం దిగి, ఎడమవైపు పక్కింటికి తిరగలేదు. నేరుగా ముందుకు నడిచాడు. చెక్క దాటాడు. కాలవ అవతలి ఖాళీ స్థలంలో గడ్డి మీద సిలిండర్ దింపి, నడుం నిటారు చేసుకుని, ఎవరి వంకా చూడకుండా గట్టిగా అన్నాడు.

"నన్ను పక్కింటికి పొమ్మన్నారు. నేను పోవట్లేదు. అందరూ చూడండి. నేను వచ్చింది ఇటు. ఇటు రమ్మని నాకెవరూ చెప్పలేదు."

వరసలో ఎక్కడో ఒకరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బావమరిది పెళ్లాం గిన్నెల బుట్ట నెత్తిన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని చెక్క దాటింది. ఆమె కూడా ఎవరి వంకా చూడలేదు. తర్వాత కొట్టు మామ షట్టరు సగం దించి, ఏదో మర్చిపోయినవాడిలా లోపలికి వెళ్లి, చాపలు పట్టుకుని బయటికి వచ్చాడు. మామ వెనకే మామ తల్లి, చేతిలో పెనం.

అతను మూట పక్కన అలాగే కూర్చున్నాడు. ఏం జరుగుతోందో తెలుసు. నమ్మడానికి మాత్రం ఒంట్లో ఓపిక లేదు.

బావమరిది తిరిగి లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఫ్రిజ్‌ను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు. ఈడ్చిన తీరు చూస్తేనే అతనికి పళ్లు పులిశాయి. తలుపు ఊడకుండా తాడు కట్టలేదు. లోపలి అరలు తీయలేదు. గుమ్మం మెట్టు మీద దాన్ని తప్పు వైపుకి వంచాడు. మొత్తం బరువు వాడి ఎడమ మోకాలి మీద పడింది. వాడు బావా అని పిలవలేదు. పట్టుకోమనలేదు. పళ్లు బిగించుకుని, మొహం ఎర్రగా చేసుకుని, ఫ్రిజ్‌తో కుస్తీ పడుతున్నాడు.

అతను లేచాడు. ఎందుకు లేచాడంటే చేతులు ఊరుకోలేదు. మూటకి కట్టిన తాడు విప్పి, వెళ్లి ఫ్రిజ్ చుట్టూ బిగించాడు. కింది అంచు తను పట్టుకుని, గడ్డంతో పైకి చూపించాడు. బావమరిది పై అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ ఎత్తారు.

"వెనక్కి నడువు" అన్నాడు అతను. అని, నాలుక కరుచుకున్నాడు.

"అది పని మాట బావా, లెక్కలోకి రాదు" అన్నాడు బావమరిది రొప్పుతూ. "మెల్లగా. చెక్క జారుతుంది."

చెక్క మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చింది. కింద నల్లటి నీళ్లు. ఫ్రిజ్‌కి అటొకరు, ఇటొకరు. ఒకరి మొహం ఒకరికి కనిపించదు.

"టైల్సు అక్కే ఎంచింది" అన్నాడు బావమరిది అటువైపు నుంచి. "నాకు ఎర్రవి కావాలనిపించింది. ఎర్ర నేల మీద పిల్ల పడినా, దెబ్బ తగిలినా రక్తం కనపడదురా, తెల్లవి వేయించు అంది. నెల నుంచీ పొద్దున్న లేవగానే ఆ నేలే చూస్తున్నాను. కదలాలని ఉందో, కదలకూడదని ఉందో నాకే తెలియలేదు. నువ్వు అడిగావని కోపం రాలేదు బావా. నేను ముందు లేవలేకపోయానని వచ్చింది."

అతను కింది అంచు పట్టు సరిచేసుకున్నాడు. ఫ్రిజ్ మళ్లీ లేచింది.

వాళ్లు గడ్డి మీద దాన్ని నిలబెట్టి వెనక్కి తిరిగేసరికి వరసంతా కదులుతోంది. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. మూటలు, బకెట్లు, మడత కుర్చీలు, టీవీ చంకన పెట్టుకున్న ఒక కుర్రది. సిమెంటు మంచంవాళ్లు పరుపు మాత్రం తెచ్చుకుని, మంచం వంక తిరిగి తిరిగి చూస్తూ వస్తున్నారు. నలుగురు కలిసి పెద్దత్తను మంచంతో సహా ఎత్తుకొచ్చారు.

"నన్నెవరు ఎత్తమన్నారు?" అని ఆవిడ గొణుగుతూనే ఉంది. "నా మానాన నేను పడుకున్నాను. అడిగానా ఎవరినైనా?"

"నిన్నెవరు ఎత్తారు పెద్దమ్మా" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు. "మంచం ఎత్తాం. మీద ఎవరున్నారో చూసుకోలేదు."

రోడ్డు మీద పోతున్న ఒక మనిషి స్కూటర్ ఆపాడు. "ఏంటయ్యా, ఖాళీ చేయిస్తున్నారా?"

"లేదండీ" అన్నాడు కొట్టు మామ. "మాకు మేమే."

ఆ మనిషికి అర్థం కాక, కాసేపు చూసి వెళ్లిపోయాడు. అతని వెనకే కంపెనీ లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి, గడ్డిలో నిలబడ్డ ఫ్రిజ్‌నీ, చాపలనీ, పిల్లలనీ చూశాడు. దూదిచెయ్యి దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు. "ఇంతమంది గోడౌన్‌లో పట్టరు తమ్ముడూ."

"నేను రావడం లేదన్నా."

డ్రైవర్ తల గోక్కుని, ఇంకేమీ అడక్కుండా లారీ ఎక్కాడు.

పెద్దత్త మంచాన్ని గాలి తగిలే వైపు దింపారు. ఆవిడ మోచేతి మీద లేచి వరస వంక చూసింది. అన్ని తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎక్కడా దీపం లేదు. అతని ఇంటి తలుపు కూడా ఎవరో తీసేశారు. ఎవరు తీశారో అతను చూడలేదు.

"నాలుగు రోజులు ఇక్కడ కానిద్దాం" అంది ఆవిడ గాలితో చెబుతున్నట్టు. "తర్వాత వానొస్తుంది. వానొస్తే ఎవరికి ఏ గుమ్మం దగ్గరైతే అందులోకి పరిగెత్తడమే. ఎవరిది ఏ ఇల్లో అప్పుడు చూసుకునే తీరిక ఎవరికుంటుంది?"

"టైల్సు ఇంట్లోకి ఎవరొస్తారో గానీ, తడి కాళ్లతో రావద్దు" అన్నాడు బావమరిది. "జారి నడుం విరగ్గొట్టుకుంటారు." నవ్వాడు. తల పక్కకి తిప్పుకున్నాడు. వాడి పెళ్లాం వెళ్లి వాడికి అడ్డంగా నిలబడి బుట్టలోని గిన్నెలు ఒకటొకటే తీయడం మొదలుపెట్టింది.

అతను గడ్డి మీద కూర్చున్నాడు. మూడు రాళ్లు ఏరి ఒకరు పొయ్యి పెట్టారు. ఎవరో ఎండుకర్రలు తెచ్చారు. సిలిండర్ పక్కనే ఉన్నా కర్రలే అంటించారు. పొగ అతని వైపే వచ్చింది. లేచి అవతలికి జరగాలనుకున్నాడు. కాళ్లు ముడుచుకుని, వీపుకి ఆనడానికి ఏ గోడా లేక, ముందుకి వంగి, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

బావమరిది పెళ్లాం పళ్లెం తెచ్చి "అన్నయ్యా" అంది. జవాబు రాలేదు. వంగి చూస్తే నిద్రపోయి ఉన్నాడు. పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి పక్కన పెట్టింది. పిల్లలు అటువైపు పరిగెత్తుకొస్తుంటే చెయ్యి ఎత్తి ఆపింది. వాళ్లు అడుగులు మెల్లగా వేస్తూ, అతని చుట్టూ తిరిగి వెళ్లారు. కొట్టు మామ మాట్లాడుతున్నవాడల్లా గొంతు తగ్గించాడు. ఎవరూ చెప్పకుండానే, అక్కడున్నవాళ్లందరూ గొంతు తగ్గించారు.